మన్యమును గూర్చిన మన యపోహలు

దూరపుఁ గొండలు నునుపను సామెత కొండలకంటెఁ గొండలమీఁది జనులకే యెక్కువగా వర్తించును. కొండను దూరమునుండి చూచువానికి మిట్టపల్లములు గానరావు; జనసముదాయమును దూరమునుండి చూచువానికి వారిలోని తెగలు, భాషలు, చరిత్రలు గానరావు. ఆఫ్రికాఖండమున నేఁడు 54 రాజ్యములు గలవు. అచట వ్యవహారమున నున్న భాషలు సుమారు రెండువేలని భాషావేత్తలు లెక్కించుచున్నారు. అట్టి ఖండమును ఒక్క దేశమనియు, అందలివారి నుడి యంతయు నొక్క భాష యనియుఁ బలుకువారు నేఁటికిని గలరు. భారతదేశమునఁ బుట్టినవా రందఱు నొక్క భాష మాటాడుదురని తలఁచు విదేశీయులును గలరు. వారినిఁ జూచి మనము నవ్వుదుము. ఆ నవ్వు న్యాయమే. కాని మన పెరటిలోని తూర్పుకనుమలవంక మనము చూచు చూపు వారి చూపుకంటె నెంత మేలైనదో విచారించుకొనుట యంతకంటె న్యాయము.

విశాఖమన్యమున నైరృతిభాగమునఁ గొయ్యూరును, ఈశాన్యభాగమున నరకులోయయు నున్నవి. ఈ రెంటి నడుమ చింతపల్లి, గూడెము, పాడేరు మొదలగు స్థలములు గలవు. ఈ సీమ నుద్దేశించి మన పుస్తకములందును, నాటకములందును, చలనచిత్రములందును, విద్యావంతుల సంభాషణములందును మాటిమాటికిఁ గానవచ్చు నభిప్రాయములు నాలుగు. మన్యవాసు లందఱు కోయలనునది మొదటిది. వారు లోకసంబంధము లేక, చరిత్రము లేక యుండిరనునది రెండవది. వారి పలుకు చెడిన తెలుఁగనునది మూఁడవది. వా రమాయకులనునది నాలవది. ఈ నాలుగింటిని వరుసగా విమర్శింతుము. మూఁడవది భాషాపండితులకును, బడిపంతుళ్లకును నేరుగా సంబంధించినది గావున దానిని విస్తరించి చర్చింతుము.

కొయ్యూరను పేరు విన్నంతనే "కోయల యూరు" అని యర్థము చెప్పఁబూనుట యన్యులకు సహజము. వ్యాకరణ మీ వ్యుత్పత్తి కనుకూలింపదు. కోయశబ్దమున నోకారము దీర్ఘము, యకార మేకము. ఊరుశబ్దముతో సంధి కలిగినచోఁ గోయూరు కావలయును. దీర్ఘము హ్రస్వమగుటకును, యకారము ద్విత్వమగుటకును గారణము చూపక యీ యర్థమును సాధింపరాదు. అదియునుగాక, కొయ్యూరను పేరుగల గ్రామము తెలంగాణమునను గలదు. నామసామ్యమునుబట్టి జాతిని నిర్ణయించుట యెంత ప్రమాదకరమో యిందువలనఁ దెలియును. కోయలకు ముఖ్యనివాసములు గోదావరికి నిరుప్రక్కల నుండు భద్రాచల, చింతూరు సీమలును, వానికిఁ జేరువనున్న బస్తరు, మల్కనగిరి ప్రాంతములును. కొయ్యూరు చుట్టుపట్టుల నివసించువారిలో బగతలు, కొండదొరలు, కొండకాపులు, వాల్మీకులు, సామంతులని మన వ్యవహారమునఁ బిలువఁబడు కోందులు ముఖ్యులు. అరకువైపునకుఁ బోయినకొలఁది గదబలు, పోర్జలు, కోటియలు నెదురగుదురు. వీరి వివాహమర్యాదలు వేఱు, ఇండ్లకట్టుబడి వేఱు, అనేకస్థలములందు నుడియే వేఱు.

అయినను మైదానమునఁ గోయశబ్దము సర్వమన్యవాచకమై పోయినది. పట్టణపు వీథులలో నెమలియీఁకలు తలకుఁ జుట్టుకొని, మూలికలమ్ముచు, జోస్యము చెప్పుచుఁ దిరుగువానిని మనము "కోయదొర" యందుము. రంగస్థలముమీఁద మన్యవాసి పాత్ర కా వేషమునే తగిలింతుము. 1922 మొదలు 1924 వఱకు జరిగిన పితూరీనిఁ జెప్పునపుడును బోరాడినవారి నందఱను గోయలనియే వ్రాయువారు గలరు. ఆ పితూరీ పేరే మన యజాగ్రత్తకు సాక్ష్యము. రంప యనునది గోదావరిమన్యమున నొక ప్రత్యేకసీమ. అచట 1879లో గొప్ప తిరుగుబాటు జరిగెను. 1922 ఆగష్టు 22వ తేదీని చింతపల్లి ఠాణాపైని, మఱునాఁడు కృష్ణదేవిపేటపైని, ఆ మఱునాఁడు రాజవొమ్మంగిపైని జరిగిన దాడులతో మొదలైన రెండవ యుద్యమమునకు గూడెపుకొండలే పట్టుకొమ్మలు. మొదటిదాని పేరే రెండవదానికిని దగిలి, గూడెపుకొండల కథ రంపపేరఁ జెల్లుచున్నది. నాయకుఁడైన అల్లూరి సీతారామరాజు మైదానమునఁ బాండ్రంగిలోఁ బుట్టిన క్షత్రియుఁడు. 1924 మే 7వ తేదీని కొయ్యూరున నాయన హతుఁడయ్యెను. ఆయనతోఁ బోరాడిన గాము సోదరులు గంటందొర, మల్లుదొరల పేళ్లు పాఠకులెఱుఁగుదురు. కాని వారివెంట నడచిన గ్రామములు, ముఠాలు, తెగలు వేఱువేఱని పాఠ్యపుస్తకములు బోధించుట యరుదు. అందఱిని గోయలనుటవలన నందఱి త్యాగమును నొక్క మాటలోఁ గప్పివేసినట్లగును.

ఒక్క పేరున్నచోట నొక్కజాతి యున్నదని నమ్ముట మఱియొక పొరపాటు. దీనికి గదబశబ్దము మిక్కిలి తగిన యుదాహరణము. గదబలని పిలువఁబడువారిలో నొక తెగ మాటాడు గుతోబు ముండాభాషాకుటుంబములోనిది. సవరభాషయు, బోండాలు మాటాడు రెమోయు దానికి బంధువులు. మఱియొక తెగ మాటాడు ఓల్లారి ద్రావిడభాష. ఈ రెండు నుడులకును మూలమున సంబంధమే లేదు. పోర్జశబ్దమును నట్టిదియే. అది "ప్రజ" యను మాటకు ఒడియాలోని రూపము. ఏలువారు తమ రైతులకుఁ బెట్టిన పేరేకాని, ఆ జనులు తమకుఁ దాము పెట్టుకొన్న పేరు గాదు. ఆ పేరుక్రిందఁ బెంగో యను ద్రావిడభాషవారును, పరెంగి యను ముండాభాషవారును గూడఁ జేరియుందురు. కువిభాష మాటాడు కోందులు తమ్ము "కువింగ" లని చెప్పుకొందురు. మనము వారిని సామంతులందుము. ఒకరు పెట్టిన పేరునుబట్టి మఱియొకరి కులగోత్రములు నిర్ణయింపరాదని లోకమెఱిఁగినదే. ఈ న్యాయమును మన్యవాసులకు మాత్ర మన్వయింపము.

ఇఁక రెండవ యపోహ. మన్యము నాగరకలోకమున కెడమై, కాలము నిలిచిపోయిన చోటుగా నున్నదని మనము వర్ణింతుము. భాషయే దీనిని ఖండించుచున్నది. మన్నె, మన్నీఁడు అను పదములు మన కావ్యములందును, శాసనములందును సామంతప్రభువునకు వాచకములై కానవచ్చును. మన్నె యేలిన సీమ మన్నెము. కావున మన్యమనఁగా నొడయుఁడు లేని యడవి కాదు. రాజ్యాంగములో భాగమైన పాలనాసీమ. గూడెపుకొండలలోఁ గొన్ని గ్రామములు చేరి ముఠా యగుట, ముఠాకు ముఠాదారుఁ డుండుట, ఆతఁడు పైప్రభువునకుఁ గప్పముకట్టి, తనవారికిఁ దీర్పరియై యుండుట చిరకాలపు మర్యాద. వారపుసంతలకుఁ బసుపు, చింతపండు, పిప్పలి, తేనె దిగివచ్చుచుండెను. ఉప్పు, బట్ట, ఇనుము పైకిఁ బోవుచుండెను. ఇట్టి రాకపోకలు గలచోట నెడబాటెక్కడ?

నిజమునకు మన్యమును వేఱుచేసినది ప్రకృతి కాదు, శాసనము. 1839లో నొక చట్టమునుజేసి, గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండసీమలను సామాన్యన్యాయస్థానముల యధికారమునుండి తొలఁగించి, కలెక్టరును గవర్నరుగారి యేజెంటుగా నియమించి యాతని చేతిలోఁ బెట్టిరి. "ఏజెన్సీ" యను పేరు దానినుండి పుట్టినది. 1882 నాఁటి మదరాసు అటవీచట్టము పోడుసేద్యమును, అటవీఫలముల నేరుకొను హక్కును నిర్బంధించెను. మైదానపు వర్తకులకుఁ జిక్కిన భూముల సమస్య ముదిరి, 1917లో భూవినిమయమును నియమించు చట్టము చేయవలసివచ్చెను. గూడెపు పితూరీకి దారితీసిన కారణములలో నీ యడవినిర్బంధములును, వెట్టిచాకిరియు ముఖ్యములు. ఇంత చరిత్ర నడచినచోటఁ జరిత్రము లేదనుట చదువనివాని మాట. ఆ పితూరీలోఁ బోరాడి శిక్షననుభవించిన గాము మల్లుదొర 1952లో విశాఖపట్టణమునుండి తొలి లోకసభకు సభ్యుఁడుగా నెన్నికయ్యెను. కాలము నిలిచిపోయిన చోటఁ బుట్టినవాఁ డిట్లు పితూరీనుండి పార్లమెంటునకు నడవఁజాలునా?

పండితలోకమునకు మఱియొక మాట విన్నవింపవలసియున్నది. 1926లో నేర్పడిన యాంధ్రవిశ్వకళాపరిషత్తునకు మహాదాతలలో నగ్రగణ్యుఁడు జయపురాధీశ్వరుఁడైన విక్రమదేవవర్మ. ఆ సంస్థానము తూర్పుకనుమల కొండసీమ. దాని కోశమునఁ గొండరైతుల శిస్తును జేరియుండెను. తెలుఁగువారి విజ్ఞానశాస్త్రవిద్య కే ధన మాధారమయ్యెనో యందుఁ గొండజనుల శ్రమయు నున్నది. ఆ ఋణమును దలఁపక మన్యము మననుండి యేమియుఁ గొనని, మనకేమియు నీయని ప్రదేశమని వ్రాయుట కృతజ్ఞత యనిపించుకొనదు.

మూఁడవ యపోహ భాషావిషయకము. కొండవారి నుడి చెడిన తెలుఁగని, ఉచ్చారణదోషములవలనను, చదువు లేమివలనను నట్లయినదని మనలోఁ బెక్కురి నమ్మకము. ఇందు మొదట విభాగము చేసికొనవలయును. ఈ కొండలపై మూఁడు భాషాకుటుంబములు గలవు. సవరము, గుతోబు, రెమో మొదలగునవి ముండాభాషలు. కుయి, కువి, కొండ (దీనినే కూబి యందురు), పెంగో, ఓల్లారి మొదలగునవి ద్రావిడభాషలు. కోటియలు, వాల్మీకులు మాటాడు నాదివాసి ఒడియా యార్యభాష. అరకువైపున భిన్నభాషలవారు సంతలో నొండొరులతో మాటాడుకొనుట కదియే సాధనము. ముండాభాషలను జెడిన తెలుఁగనుట యరబ్బీని జెడిన సంస్కృతమనుటవంటిది. ఆదివాసి ఒడియాను జెడిన తెలుఁగనుటయు నట్టిదే. ఇఁక మిగిలిన ద్రావిడభాషలమాట.

1856లో కాల్డ్వెల్ తన ద్రావిడభాషాతులనాత్మకవ్యాకరణమునఁ గోందుల భాషను, గోండీని ద్రావిడకుటుంబములోఁ జేర్చి చర్చించెను. తరువాత గ్రియర్సన్ నడపిన భాషాపరిశీలనమున మదరాసు రాజధాని చేరకుండుటచే మన కొండభాషలు చాలవఱకుఁ దప్పిపోయినవి. ఆ లోపమును బూరించినవారిలో భద్రిరాజు కృష్ణమూర్తి ప్రముఖులు. వీరు అరకుప్రాంతమునఁ గొండభాష నభ్యసించి 1969లో దాని వ్యాకరణమును బ్రకటించిరి. తెలుఁగునకు మిక్కిలి దగ్గఱి బంధువులు తమిళకన్నడములు గావనియు, గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ యను కొండనుడులే యనియు వీరు నిరూపించిరి. అనఁగా నివి తెలుఁగునకుఁ గూఁతుళ్లు గావు, అక్కచెల్లెండ్రు. అక్క చెల్లెలినిఁ జూచి "ఇది నా చెడిన రూప" మనుట యెట్టిది?

దీనికిఁ బండితు లెల్లరును సులభముగాఁ బరీక్షింపఁదగిన తార్కాణములు మూఁడు చూపుదుము. మొదటిది శకటరేఫము. ర, ఱ ల భేదమును మన పూర్వకవులు పాటించిరి. లాక్షణికులు ప్రాసమున వాని సాంకర్యమును నిషేధించిరి. నేఁడు తెలుఁగువారి నోట నా భేదము లేదు, నిఘంటువునుజూచి వ్రాయవలసినదే. కొండభాషయందు నీ రెండు రేఫములును వేఱువేఱుగాఁ బలుకఁబడుచున్నవి. మన మే ధ్వనినిఁ గోల్పోయి లిపిలో మాత్రము నిలుపుకొంటిమో, లిపి లేని యా భాషవారు దానిని నోట నిలుపుకొనిరి.

రెండవది పదాదిసంయుక్తము. మ్రాను, క్రొత్త, వ్రేలు మున్నగు రూపములు ప్రాచీనములనియు, మాను, కొత్త, వేలు మున్నగునవి వానినుండి వచ్చినవనియు మన మెఱుఁగుదుము. కుయిభాషలో మ్రానునకు "మ్రహ్ను" అని పేరు. మన వ్యవహారమున జాఱిపోయిన రేఫ మచట నున్నది. ప్రాచీనరూపమును విడుచుటయే చెడుట యైనచో, నిచటఁ జెడినది మన పలుకేకాని వారిది కాదు. వాస్తవమున నేదియుఁ జెడలేదు. ప్రతిభాషయుఁ దన దారినిఁ దాను నడచినది.

మూఁడవది లింగవ్యవస్థ. ఇది మిక్కిలి ముఖ్యము. చిన్నయసూరి బాలవ్యాకరణమునుబట్టి పురుషవాచకములు మహత్తులు, స్త్రీవాచకములు మహతీవాచకములు, తక్కినవి యమహత్తులు. మహతీవాచకము లేకవచనమున నమహత్తులవలెను, బహువచనమున మహత్తులవలెను వర్తించును. అందుచే "సీత వచ్చినది", "గోవు వచ్చినది" యని యేకవచనమునఁ గ్రియ యొక్కటియే. బహువచనమున మాత్రము "స్త్రీలు వచ్చిరి", "గోవులు వచ్చినవి" యని భేదము. కొండ, కుయి, కువి, గోండీ మొదలగు భాషలలో నీ భేదము బహువచనమునను లేదు; స్త్రీవాచకములు రెండు వచనములందును నమహత్తులతోనే చేరును. దీనిని వినినవారు "చూడుఁడు, వీరు స్త్రీలను బశువులతోఁ జేర్చి మాటాడుదురు, ఎంత యనాగరకులు!" అనవచ్చును. అట్లనువాఁడు తన భాషలో "అమ్మ వచ్చినది" యనునపుడు తానును నదియే చేయుచున్నాఁడని యెఱుఁగఁడు. ఈ కొండభాషల తీరే మూలద్రావిడపు తీరనియు, బహువచనమున స్త్రీలను బురుషులతోఁ జేర్చుట తరువాతి మార్పనియుఁ గృష్ణమూర్తిగారి సిద్ధాంతము. మన మహతీసూత్రమున కేల యొక వచనమున నొక దారి, మఱియొక వచనమున మఱియొక దారి పట్టినదను ప్రశ్నకు సమాధానము బాలవ్యాకరణమున దొరకదు. కొండభాషల సాయమున దొరకును. కావున నీ భాషల నుపేక్షించుటవలన నష్టము వారికిమాత్రమే కాదు, తెలుఁగుశాస్త్రమునకును గలుగుచున్నది.

లిపి లేని భాషకు వ్యాకరణమేమి యని యడుగువారును గలరు. వ్యాకరణము వాక్కునం దుండును, లిపియందు గాదు. తెలుఁగుభాష కలమళ్ల శాసనమునాఁడు, అనఁగా క్రీస్తుశకము 575 ప్రాంతమునఁ బుట్టినది కాదు. అంతకుముందును వ్యాకరణబద్ధముగానే పలుకఁబడుచుండెను. సవరభాషమాట చూడుఁడు. గిడుగు రామమూర్తిపంతులు (1863–1940) పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండి, సవరలయొద్దనే యా భాషను నేర్చుకొని, 1931లో దాని వ్యాకరణమును, 1938లో దాని నిఘంటువును బ్రకటించిరి. 1936లో మంగై గమాంగో సవరభాషకు సొరాంగ్ సోంపెంగ్ అను లిపిని నిర్మించెను. అనఁగా నా భాషకు వ్యాకరణము ముందు, లిపి తరువాత. పంతులుగారి వ్యావహారికవాదమును గ్రాంథికపక్షమువారు ఘాటుగాఁ బ్రతిఘటించిరి. ఆ వాద మెఱుఁగని తెలుఁగుపండితుఁడు లేఁడు. కాని ఆయన సవరవ్యాకరణము నొక్కసారియైనఁ ద్రిప్పిచూచినవా రెందఱు? బాలునకు వాని యింటిభాషలోఁ జదువు చెప్పవలయునను నిశ్చయము పంతులుగారి కా కొండలపై దృఢపడినది. వాదమును నిలుపుకొని, దాని మూలమును మఱచితిమి.

ఇచట నొక యాక్షేపణ రావచ్చును. "కొయ్యూరు ప్రాంతమున బగతలును, కొండకాపులును, కొండదొరలలోఁ బెక్కురును దెలుఁగే మాటాడుదురు గదా, మీరు చెప్పిన భాషాభేదము లెక్కడ?" అని. ఇది నిజమే. మన్యవాసులందఱకును వేఱుభాష యుండితీరవలెనని తలఁచుటయు నొక యపోహయే. కొండదొరలలో నరకువైపువారు కొందఱు కొండభాష మాటాడుదురు. తక్కినవారిలో నెక్కువమంది తరతరములుగాఁ దెలుఁగువారే. వారి తెలుఁగు తీరపుసీమ తెలుఁగువలె నుండదు. నెల్లూరి తెలుఁగు శ్రీకాకుళపు తెలుఁగువలె నుండదు గదా. అది మాండలికమేకాని దోషము గాదు. పెక్కుచోట్లఁ గొండవారు పెద్దను, పిన్నను, అధికారిని గూడ "నువ్వు" అనియే పిలుతురు. క్రొత్తగా వచ్చిన యుద్యోగి దీని నవమానముగా భావించును. మన కవులు రాజును, దైవమును "నీవు" అనియే సంబోధించిరి. అపుడు మన కది గౌరవలోపముగాఁ దోఁపదు. కావున సిద్ధాంతమిది: కొయ్యూరునకు వర్తించునది యరకునకు వర్తింపదు, బగతకు వర్తించునది గదబకు వర్తింపదు. ఏ గ్రామముమాట యా గ్రామమున విచారించి చెప్పవలసినదే.

నాలవ యపోహ స్తుతిరూపమున నుండుటచేఁ బట్టుకొనుట కష్టము. మన్యవాసు లమాయకులు, కల్లకపట మెఱుఁగనివారు, ప్రకృతిమాత యొడిలోని పసిబిడ్డలు అని మన రచయితలు వ్రాయుదురు. ఇది దయవలెఁ గానవచ్చును. మన ప్రబంధములలో వేఁటవర్ణనము వచ్చినపుడెల్ల శబరుఁడు తోళ్లును, విండ్లును, మాంసపుఁగావడులును మోయుచు నొక్క మూసలోఁ గానవచ్చుట యలవాటు. ధూర్జటి శ్రీకాళహస్తిమాహాత్మ్యమునఁ దిన్నని కథలో నా మూసను గొంత దాఁటి, యాటవికునకు నిశ్చయమును, స్వతంత్రభావమును గల వ్యక్తిత్వము నొసఁగెను. తిన్నఁడు కన్నిచ్చినది తెలియక కాదు, తెలిసియే. ఆధునికులు కొందఱు తిన్ననియందలి తెంపును విడిచి తెలియమినిమాత్రము స్వీకరించిరి. గూడెపు ముఠాదారులు దొరతనమువారితోఁ దీర్వలు బేరమాడినవారు, అర్జీలు పెట్టుకొన్నవారు, అవి ఫలింపనిచో నాయుధము పట్టినవారు. ఇట్టివారిని బసిబిడ్డలనుట వారి బుద్ధిని హరించుటయే. పసిబిడ్డకు సంరక్షకుఁడు కావలయును. సంరక్షకునకు సొత్తుపై నధికారము వచ్చును. అమాయకుఁడను మాట చివరకు భూమిపత్రముమీఁద వ్రేలిముద్రగాఁ బరిణమించుట మన్యపు చరిత్రమున నపూర్వము గాదు. నేఁటి యాత్రికు లరకును "ఆంధ్రా ఊటీ" యనియు, లంబసింగిని "ఆంధ్రా కాశ్మీర" మనియుఁ బిలుచుచున్నారు. చూచుచున్న చోటునుగూడ మఱియొకచోటుగాఁ దప్పఁ జూడలేకపోవుట యిందలి విశేషము.

మనల నితరులెట్లు చూచిరో తలఁచుకొన్నచో నీ విషయము స్పష్టపడును. ఆంధ్రశబ్దము మొదటిసారి కానవచ్చునది యైతరేయబ్రాహ్మణమున నని మన చరిత్రకారులు సగర్వముగా వ్రాయుదురు. శునశ్శేపుని నగ్రజునిగా నంగీకరింపని తన పుత్రులను విశ్వామిత్రుఁడు శపింపఁగా, వారి సంతతి దేశపుటంచులఁ జేరిన జనములైరని యచటి కథ. ఆ జనముల పట్టికలో నాంధ్రులతోఁ గూడఁ బుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు చెప్పఁబడిరి. మనము పట్టికలోని మొదటి పేరును జదివి యానందించి, మూఁడవ పేరును జదువకుండ విడుతుము. ఉత్తరాదినుండి చూచిన యా కాలపు ద్రష్టకు మనమును సవరలును నొక్కటే. అంచున నుండు నొక్క గుంపు. ఆ చూపు మనపట్ల యథార్థము గాదని మన మెఱుఁగుదుము. అదే చూపును దెచ్చుకొని కొండలవంకఁ జూచుట మనకుఁ దగునా?

ఈ చర్చవలనఁ గలుగు ఫలము బడిలోఁ దేలవలసియున్నది. కువి మాటాడు నింటినుండి యాశ్రమపాఠశాలకు వచ్చిన యొక బాలిక తెలుఁగువ్యాసమున "అక్కలు వచ్చినవి" యని వ్రాసెననుకొందము. పండితుఁడు దానిక్రింద నెఱ్ఱగీఁత గీయును. తెలుఁగున నది తప్పే, దిద్దవలసినదే. కాని బుద్ధిమాంద్యమువలన వచ్చిన తప్పు వేఱు, మఱియొక వ్యాకరణమును సక్రమముగాఁ బాటించుటవలన వచ్చిన తప్పు వేఱు. మొదటిదానికి మందలింపు, రెండవదానికి వివరణము. "మీ యింటిభాషలో నిది సరియే, తెలుఁగున బహువచనమున స్త్రీలకు మహత్తులవలెఁ గ్రియ చేర్పవలయును" అని పండితుఁడు చెప్పఁగలిగిననాఁడు, ఆ బాలిక రెండు భాషల వ్యాకరణమును నేర్చుకొనును. చెప్పలేనినాఁడు, తన తల్లి మాటయే తప్పని నేర్చుకొని, మఱునాఁటినుండి నోరు తెఱవదు. మౌనమును జూచి మనము మందబుద్ధి యందుము.

2004లో నాఁటి యుమ్మడి యాంధ్రప్రదేశమున సవర, కువి, కొండ, కోయ, ఆదివాసి ఒడియా, గోండీ, కొలామీ, బంజారా యను నెనిమిది భాషలలోఁ బ్రాథమికవిద్య బోధించు ప్రయత్న మారంభింపఁబడెను. భాషలు వేఱని ప్రభుత్వ మొప్పుకొన్నదనుట కిది సాక్ష్యము. పుస్తకము లచ్చైనంతమాత్రమున నపోహలు తొలఁగవు; పైతరగతులలోఁ దెలుఁగు చెప్పు పండితున కా భాషలయెడ జిజ్ఞాస యుండవలయును. జిజ్ఞాస కధికవ్యయ మక్కఱలేదు. మన్యమునఁ బనిచేయు ప్రతి తెలుఁగుపండితుఁడును దన తరగతిలోని బాలబాలిక లింటఁ బలుకు భాషపేరును వారినే యడిగి వ్రాసికొనవలయును. ఊరిపేరునుబట్టికాని, కులపత్రమునుబట్టికాని యూహింపరాదు. వారి నుడిలోని నూఱు పదములను, పది వాక్యములను సేకరింపవలయును. తప్పులు దిద్దునపు డేది యుచ్చారణభేదము, ఏది వ్యాకరణభేదము, ఏది యజాగ్రత్త యని వేఱుపఱుపవలయును. అట్టి సేకరణములు పరిషత్తులకుఁ జేరినచో నవి మన భాషాచరిత్రమునకు మిగుల నుపకరించును. సవరవ్యాకరణము నిర్మించినవాఁడు గొప్ప కళాశాలాచార్యుఁడుగా బయలుదేఱలేదు, బడిపంతులుగా బయలుదేఱెను.

ఆఫ్రికాను నొక్క దేశమనువాని యజ్ఞానమువలన నాఫ్రికావారికిఁ గలుగు బాధ దూరపుది. వాఁడు వారికిఁ బాఠము చెప్పఁడు. మనమన్ననో కొండబాలురకుఁ బాఠము చెప్పుచున్నాము, మార్కులు వేయుచున్నాము, వారిని గూర్చి పుస్తకములు వ్రాయుచున్నాము. మన యపోహకు వెల వారు చెల్లించుచున్నారు. కావున మన్యమును గూర్చి వ్రాయఁబూనిన వారెల్లరును "ఏ కొండ? ఏ యూరు? ఏ తెగ? ఏ నుడి?" అను నాలుగు ప్రశ్నలకు ముందుగా సమాధానము చెప్పికొని, పిమ్మటఁ గలము పట్టుదురుగాక.